తొలి సి9 దగ్గర కాస్త ఆగు

అమ్మాయీ,

కాంప్లిమెంట్ మీద, అంటే రక్తంలో తిరుగుతూ క్రిములని ఎదుర్కొనే ప్రోటీన్ల గుంపు మీద, నువ్వు రాసిన వ్యాసం అందింది. ఆసాంతం చదివాను. వాక్యం హాయిగా సాగుతోంది, సందేహం లేదు. కానీ మొదటి పేరాలో సైనికులు, రెండో పేరాలో సేనాపతి, మూడో పేరాకల్లా ఆత్మాహుతి దళం దిగిపోయాయి. రోగనిరోధక శక్తి అనగానే ఎవరికైనా యుద్ధమే గుర్తొస్తుంది. అయితే ఈ కాంప్లిమెంట్ ప్రోటీన్ల విషయంలో ఆ యుద్ధం అసలు కథని మింగేస్తోంది. ఇక్కడ హుకుం ఇచ్చేవాడే లేడు. వీటిలో చాలా వాటిని కాలేయం తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అవి పనీపాటా లేకుండా తిరుగుతుంటాయి. ఒకటి తెగితే దాని ఆకారం మారుతుంది, మారిన ఆకారంలో ఇంకోదానికి చోటు దొరుకుతుంది. అలా చోటు దొరకబుచ్చుకుంటూ పోతే చివరికి ఒక కణానికి చిల్లు పడుతుంది. ఎవరూ నడిపించకుండా ఇదంతా ఎలా జరుగుతుందన్నదే నువ్వు చెప్పాల్సింది.

ఆరంభం గురించి పేజీలకి పేజీలు రాశావు. ఒక్క పేరా చాలు. యాంటీబాడీలు బ్యాక్టీరియా మీద గుంపుగా అతుక్కుంటే సి1 వచ్చి వాటి మీద వాలుతుంది (ఈ గుంపులో ముఖ్యమైనవాటికి సి1 నుంచి సి9 దాకా పేర్లు). అది సి4ని, సి2ని కోస్తుంది, ఆ ముక్కలు కలిసి సి3ని కోస్తాయి. సి4 ముందొచ్చి సి2, సి3 తర్వాత రావడమేమిటని పాఠకుడు తల గోక్కుంటాడు. కనిపెట్టిన వరసలో నంబర్లు ఇచ్చేశారు, పనిచేసే వరస తర్వాత తెలిసింది అని ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్లు. ఇది మొదలయ్యే మిగతా రెండు దారుల గురించి కూడా, అవీ సి3 దగ్గరికే వచ్చి కలుస్తాయంటే సరిపోతుంది.

సి3 దగ్గర మాత్రం తొందరపడకు. తెగిన సి3లో, అప్పటిదాకా లోపల దాగున్న ఒక రసాయన బంధం బయటపడుతుంది. దాని ఆయుష్షు కన్నుమూసి తెరిచేంత కూడా కాదు. ఆలోగా ఏ ఉపరితలం తగిలితే దానికి అతుక్కుంటుంది. ఏదీ తగలకపోతే నీటితో కలిసి పనికిరాకుండా పోతుంది. తగిలింది బ్యాక్టీరియానా, మన సొంత కణమా అన్నది దానికి పట్టదు. నువ్వేమో "సి3 శత్రువును గుర్తుపట్టి" అని రాశావు. కొట్టెయ్. అది గుర్తుపట్టదని చెబితేనే, మరి మనం ఎలా బతికి బట్టకడుతున్నాం అని పాఠకుడికి టెన్షన్ పుడుతుంది. ఆ టెన్షన్‌ని కాసేపు అలాగే ఉంచు.

ఇక సి5. నువ్వు గబగబా దాటేసిన చోటు ఇదే, వ్యాసానికి ప్రాణం కూడా ఇదే. సి5 తెగగా మిగిలిన పెద్ద ముక్క సి5బి. అది ఒంటరిగా ఎక్కువసేపు నిలవదు, సి6 వచ్చి పట్టుకోవాలి. సి7 కూడా కలిసేసరికి ఆ ముడికి కొవ్వుని అంటుకునే గుణం వస్తుంది, వెళ్లి కణం పొర మీద కూర్చుంటుంది. సి8 ఆ పొరలోకి దిగబడుతుంది. ఆ తర్వాత సి9లు. పశువుల దొడ్డికి గుంజలు పాతినట్టు ఒకదాని పక్కన ఒకటి, గుండ్రంగా, 18 దాకా. రక్తంలో తిరిగేటప్పుడు సి9లో చుట్టుకుని ఉన్న భాగాలు, వలయంలో చేరగానే విప్పుకుని పొడవాటి పట్టీలుగా పొరలోంచి కిందికి దిగుతాయి. వలయం మధ్యలో దాదాపు 11 నానోమీటర్ల ఖాళీ, అంటే మిల్లీమీటరులో లక్షో వంతు కన్నా కాస్త ఎక్కువ. ఎర్ర రక్తకణమైతే అందులోంచి నీరూ లవణాలూ జొరబడి ఉబ్బి పగులుతుంది.

ఇక్కడే ఒక సంగతి నీ కంట పడలేదు. 2019లో లండన్ పరిశోధకులు, బ్యాక్టీరియా కొవ్వులతో చేసిన కృత్రిమ పొర మీద ఈ వలయాలు లేవడాన్ని సన్నటి సూదిమొనతో ఉపరితలాన్ని తడిమి చూసే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ కింద చూశారు. మొట్టమొదటి సి9 చేరడానికి ఆలస్యమవుతుంది. అది కుదురుకున్నాక మిగతావి చకచకా వచ్చి చేరిపోతాయి. ఆ ఆలస్యమే మన కణాలకి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తోందని వాళ్ల ఊహ. మన కణాల మీద సీడీ59 అనే చిన్న ప్రోటీన్ ఉంటుంది. అది సి8కీ సి9కీ అంటుకుని వలయాన్ని పూర్తి కానివ్వదు. నువ్వు దీన్ని చివర్లో "రక్షణ అంశాలు" అని ఉపశీర్షిక పెట్టి విడిగా పడేశావు. తీసుకొచ్చి తొలి సి9 పక్కనే పెట్టు.

ఆ సీడీ59 లేకపోతే ఏమవుతుందో చూపించడానికి పీఎన్‌హెచ్ అనే జబ్బు ఉంది. ఎముక మజ్జలోని ఒక మూలకణంలో పిగ్-ఎ అనే జన్యువు పాడవుతుంది. ఇది పుట్టుకతో వచ్చేది కాదు, మధ్యలో వస్తుంది. దాంతో సీడీ59నీ దాని తోటి సీడీ55నీ కణానికి పట్టి ఉంచే కొక్కెం తయారవదు. ఎర్ర కణాలు సొంత రక్తంలోనే పగిలిపోతాయి. కొందరికి పొద్దున్నే మూత్రం కోలా రంగులో వస్తుంది. కాంప్లిమెంట్ గురించి ఇంతకన్నా బాగా చెప్పే దృశ్యం నాకు తెలిసి లేదు, నువ్వు దీన్ని వదిలేశావు.

ఒక చిన్న గొడవ ఉంది. "ప్రతి బ్యాక్టీరియానూ చిల్లులు పొడిచి చంపుతుంది" అన్నావు. గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాకి గోడ మందం, ఈ వలయం వాటిని అలా చంపలేదు. వాటి మీద సి3 ముక్కలు అతుక్కుంటే తెల్లకణాలు వచ్చి మింగుతాయి. నన్నడిగితే రోజువారీ పనిలో ఎక్కువ భాగం అదే, చిల్లు కాదు. జపాన్‌లో సుమారు వెయ్యి మందిలో ఒకరికి సి9 ఉండదు, వాళ్లలో చాలామంది మామూలుగానే బతుకుతారు. కాకపోతే ఈ చివరి భాగాలు లేనివాళ్లకి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) తెచ్చే నైసీరియా అనే బ్యాక్టీరియాతో ముప్పు బాగా ఎక్కువ. ఇంత అద్భుతమైన యంత్రం అవసరం ఇంతేనా అని నీకు నిరుత్సాహం కలగొచ్చు. రాయి, దాచకు.

చరిత్ర భాగం మాత్రం నిర్దాక్షిణ్యంగా కత్తిరించు. కాంప్లిమెంట్ పనిని కనిపెట్టిన బోర్డే పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏం చేశాడో, 1919 నోబెల్ ఎలా వచ్చిందో రెండు వాక్యాల్లో చెప్పు. 56 డిగ్రీలకి వేడి చేస్తే సీరమ్‌కి (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవానికి) బ్యాక్టీరియాని చంపే శక్తి పోతుంది, వేడి చేయని సీరమ్ కాస్త కలిపితే తిరిగి వస్తుంది అన్నది ఉంచు. అది పాఠకుడు వంటింట్లో నిలబడి కూడా ఊహించుకోగలడు. పిల్లెమర్ అనే శాస్త్రవేత్త 1954లో ప్రాపర్డిన్ అనే మరో ప్రోటీన్ గురించి చెబితే తోటివాళ్లు నమ్మకపోవడం, 1957లో ఆయన చనిపోయాక అది నిజమని తేలడం, అదొక విడి వ్యాసం. ఇందులో ఇరికించకు.

సి5 నుంచి సీడీ59 దాకా ఉన్న భాగం ఒక్కటే తిరగరాసి ముందు పంపు, మిగతాది తర్వాత చూద్దాం. పీఎన్‌హెచ్ రాసేటప్పుడు 2007లో వచ్చిన ఎకులిజుమాబ్ అనే మందు సంగతి కూడా కలుపు. అది సి5ని తెగనివ్వదు కాబట్టి వలయమే లేవదు. సరిగ్గా ఆ కారణానికే ఆ మందు మొదలుపెట్టే ముందు మెనింగోకాకస్ (ఇందాకటి నైసీరియా) టీకా వేయించుకోవాలి, వేయించుకున్నా జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈ రెండు వాక్యాలూ ఎంత చోటు తక్కువైనా తీసేయకు. ఆ మందు వాడేవాళ్ల ఇంట్లో ఎవరైనా నీ వ్యాసం చదవచ్చు.