ఏప్రిల్ దాకా ఆగకు

ఒరే తమ్ముడూ,

మొన్న ఫోన్లో సగమే చెప్పాను, ఈలోపు మీ వదిన అన్నానికి పిలిచింది. మిగతాది ఇదిగో.

నువ్వు 1953లో పుట్టావు కాబట్టి ఈ 2026తో నీకు 73. ఐఆర్‌ఏలోంచి, అంటే ఇక్కడ అమెరికాలో మన రిటైర్మెంటు పొదుపు ఖాతాలోంచి, ఏటా తప్పనిసరిగా తియ్యాల్సిన డబ్బు, అదే ఆర్‌ఎండీ, ఇక మొదలు. మొదటిసారికి మాత్రం వచ్చే ఏడు ఏప్రిల్ 1 దాకా గడువుంది. దాన్ని చూసి మురిసిపోకు. నేనూ "టైముందిలే" అని కూర్చున్నాను. తీరా ఏప్రిల్లో పాత ఏడాదిది, డిసెంబరులోగా ఆ ఏడాదిది, రెండూ ఒకే ఏటి ఆదాయంలో పడ్డాయి. ట్యాక్సు సంగతి సరే, రెండేళ్ళు పోయాక మెడికేర్ (పెద్దవాళ్ళకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్రీమియం కూడా పెరిగింది, ఇద్దరికీ! ఆదాయాన్ని బట్టి వేస్తారది, వాళ్ళు చూసేది రెండేళ్ళ కిందటి ట్యాక్సు రిటర్ను మరి. మీ వదిన ఇప్పటికీ దెప్పుతుంది. ఈ ఏడంతా జీతమొచ్చి వచ్చే ఏడు మానేసేవాడైతే ఆగడంలో అర్థముంది. నువ్వు రిటైరై ఎన్నాళ్ళయింది? ఈ ఏడే తీసెయ్.

లెక్క చిన్నదే. కిందటి డిసెంబరు 31 నాటి నిల్వని ఐఆర్‌ఎస్ (ట్యాక్సు శాఖ) పట్టికలో నీ వయసుకున్న అంకెతో భాగించు. 73కి అది 26.5. అంటే 5,30,000 డాలర్లుంటే 20,000 తియ్యాలి. ఐఆర్‌ఏలు రెండుమూడున్నా మొత్తం ఒక్కదాంట్లోంచే తీసుకోవచ్చు. 401కేలు, అదే కంపెనీ ద్వారా దాచిన రిటైర్మెంటు ఖాతాలు, మాత్రం దేనిది దాంట్లోంచే తియ్యాలి.

గుడికి ఏటా ఇస్తావుగా, ఆ చెక్కు ఐఆర్‌ఏ నుంచి నేరుగా గుడి పేరునే వెళ్ళేలా చూడు. ఆర్‌ఎండీలో జమ అవుతుంది, నీ ఆదాయంలోకి రాదు. డబ్బు ముందు నీ చేతికొచ్చిందా, ఆ సదుపాయం పోయినట్టే. మనూరి రామాలయానికి పంపితే కుదరదు, అమెరికాలో నమోదైన సంస్థే అయ్యుండాలి.

ఇంకోటి. నువ్వు డిసెంబరులో ఇండియా వెళ్తావు. ఒకసారి నేను గుంటూరులో కూర్చుని లాగిన్ అవ్వబోతే కోడు అమెరికా నంబరుకి పోయింది. ఆ సిమ్ము ఇక్కడ ఇంట్లో, మందుల డబ్బా పక్కన సొరుగులో! ఏడాది దాటిపోయింది. అప్పట్లో తియ్యనిదాంట్లో సగం జరిమానా. ఫారం 5329 నింపి, కారణం రాసి బతిమాలుకుంటే వదిలేశారు. ఇప్పుడది 25 శాతం, రెండేళ్ళలో సరిచేసుకుంటే 10.

థాంక్స్‌గివింగ్ లోపు కానిచ్చెయ్. తీసేటప్పుడే ట్యాక్సు పట్టుకోమను, నవంబరులో పట్టుకున్నా ఏడాది పొడుగునా కట్టినట్టే లెక్క. ఆ పాస్‌వర్డ్ ఎక్కడుందో మరదలికి కూడా చెప్పు.

మీ అన్నయ్య