ఇంటి పన్నులో సీనియర్ లెవీ: సమాధానం
ఒహాయోలోని కొలంబస్‌లో ఇంటి పన్ను బిల్లులో ‘సీనియర్ సర్వీసెస్ లెవీ’ (పెద్దవాళ్ళ సేవల కోసం వేసే పన్ను) ఏమిటి, వద్దనొచ్చా అన్నారు. కుదరదండీ, అది ఓటర్లు బ్యాలెట్‌లో ఒప్పుకున్న పన్ను. ఒహాయోలో ఇంటి మార్కెట్ విలువలో 35 శాతం మీదే లెక్క. మిల్లు అంటే ఆ లెక్కకట్టిన విలువలో ప్రతి వెయ్యి డాలర్లకి ఒక డాలరు పన్ను. లక్ష డాలర్ల ఇంటికి ఒక మిల్లు అంటే ఏడాదికి సుమారు 35 డాలర్లు.

మీ అమ్మగారికి 68 ఏళ్ళు అన్నారుగా, మరి ఆ సేవలు వాడుకోరేం? కొలంబస్ ఉన్న ఫ్రాంక్లిన్ కౌంటీలో ‘సీనియర్ ఆప్షన్స్’ అనే పెద్దవాళ్ళ సాయం కార్యక్రమం నడిచేది ఈ డబ్బుతోనే. 60 దాటినవాళ్ళకి ఇంటికి భోజనం, డాక్టరు దగ్గరికి బండి, పడిపోతే నొక్కే బటన్ లాంటివి ఉంటాయి. ఆదాయాన్ని బట్టి కొంత కట్టాల్సి రావచ్చు. కౌంటీలో పెద్దవాళ్ళ సేవలు చూసే ‘ఆఫీస్ ఆన్ ఏజింగ్’కి ఫోన్ చేయండి, ఇంటికొచ్చి అవసరాలు చూస్తారు.

భోజనం తెప్పించుకుంటే శాకాహారమని ముందే చెప్పండి. మా అత్తగారు మొదటిరోజు డబ్బా మూత తీసి, టర్కీ ముక్క చూసి, మాట్లాడకుండా మళ్ళీ మూసేశారు!