డెట్రాయిట్‌లో దిగులుగా ఉందా? ఈ ఊరి పాత కథలు అడగండి

బాబూ, డెట్రాయిట్ శివారు నోవైకి వచ్చి నాలుగు నెలలైందనీ, వారాంతం వస్తే గదిలో ఊపిరాడటం లేదనీ రాశారు. మీరడిగిన డ్రైవింగ్ లైసెన్సు, కారు ఇన్సూరెన్సు రూల్స్ మిషిగన్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ (ఇక్కడ లైసెన్సులిచ్చే రాష్ట్ర ఆఫీసు) వెబ్‌సైట్‌లో ఉంటాయి, చూసుకోండి. నేను చెప్పాల్సింది ఆ దిగులు గురించే.

నేను 1994 జనవరిలో ఇక్కడి మరో శివారు ట్రాయ్‌లో దిగాను. మీకు వీడియోకాల్స్ ఉన్నాయి, మాకు ఫోన్ కార్డులో నిమిషాల లెక్క ఉండేది. పక్క వాటాలో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. నా కారు మీద మంచు ఆయనే తీసేవారు. నేను థాంక్స్ చెప్పి తలుపేసుకునేవాణ్ణి. ఆయన యాస అర్థమయ్యేది కాదు, మాట్లాడితే ఎక్కడ తప్పు దొర్లుతుందోనని టెన్షన్. నాలుగేళ్ళు మనవాళ్ళ ఇళ్ళలో భోజనాలకు వెళ్ళాను. తిరిగొచ్చి తాళం తీయగానే మళ్ళీ అదే దిగులు. ఆ నాలుగేళ్ళు వృథా చేసుకున్నానని ఇప్పటికీ బాధే.

1998 అక్టోబర్ 24న డెట్రాయిట్ నడిబొడ్డున వుడ్‌వర్డ్ అవెన్యూలో, మూతపడిన హడ్సన్స్ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ భవనాన్ని పేలుడు మందు పెట్టి కూల్చారు. ఆ సాయంత్రం పెద్దాయన టీవీ ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నారు. మొదటిసారి వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఒక్క షాపు కోసం ఇంత బాధ దేనికని అడిగాను. రెండు గంటలు చెప్పారు. 1881లో మొదలైన కొట్టట. క్రిస్మస్‌కు అమ్మ చెయ్యి పట్టుకుని పన్నెండో అంతస్తులో బొమ్మలు చూడటం, ఆ కొట్టువాళ్ళే 1924లో మొదలుపెట్టిన థాంక్స్‌గివింగ్ ఊరేగింపు, భోజనశాలలో మారిస్ సలాడ్, చివరికి 1983లో మూతపడటం. 1950లో పద్దెనిమిదిన్నర లక్షల జనం ఉన్న డెట్రాయిట్ నగరంలో తర్వాత వీధులకు వీధులే ఖాళీ అయిపోయాయి. మా తెనాలికి టికెట్ కొనుక్కుంటే నేను వెళ్ళగలను. ఆయన ఊరు ఇరవై మైళ్ళ దూరంలోనే ఉన్నా, వెళ్ళి చూడటానికి అది అక్కడ లేదు.

ఆ తర్వాత శనివారాలు ఆయనతోనే. 1891 నుంచీ నడుస్తున్న ఈస్టర్న్ మార్కెట్‌లో కూరగాయలు, పక్కపక్కనే ఉన్న లఫాయెట్, అమెరికన్ కోనీ ఐలాండ్ అనే హాట్‌డాగ్ హోటళ్ళలో ఏది గొప్పో వాదన. నేను మాంసం తినను, అయినా వాదించేవాణ్ణి! నాకు కడుపులో బాగోకపోతే వెర్నర్స్ వేడిచేసి ఇచ్చారు. 1866 నాటిదని చెప్పుకునే డెట్రాయిట్ అల్లం సోడా అది. మన ఇళ్ళలో శొంఠి కషాయం ఇవ్వమూ, అలాగే.

2009లో కార్ల కంపెనీలు దివాలా తీసి నా ఉద్యోగం పోయినప్పుడు, ముందుగా ఫోన్ చేసింది ఆయన కూతురు. ఆ ఏడాదీ ఊరు వదలకుండా నిలబడ్డాను, ఇల్లూ నిలుపుకున్నాను.

మీ కింది వాటాలో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటారని రాశారు కదా. ఈ శనివారం ఆవిడ తలుపు తట్టి, హడ్సన్స్ చూశారా అని అడగండి. మధ్యాహ్నం వేరే పనులేవీ పెట్టుకోకండి.