వికీపీడియాలో మూలాల కోసం సంపాదకులు ఎందుకంత గొడవపడతారు? ఏదో ఒక లింకు ఇస్తే సరిపోదా?

సరిపోదండీ. ఆ "ఏదో ఒక లింకు" దగ్గరే గొడవంతా మొదలవుతుంది. తొమ్మిదేళ్లుగా వికీపీడియాలో రాస్తున్నాను. నేను చూసిన పెద్ద గొడవల్లో చాలావాటికి లింకు మీదున్న ఈ గుడ్డి నమ్మకమే కారణం. నొక్కితే తెరుచుకునేదాన్ని వెంటనే నమ్మేస్తారు, అచ్చు పుస్తకం పేరు చెప్తే అనుమానంగా చూస్తారు.

నాకు జరిగింది చెప్తాను. ఒక శాస్త్రవేత్త వ్యాసంలో ఆయన పుట్టింది 1889లో అని ఉంది, ఆధారంగా ఒక పత్రిక కథనం లింకు ఉంది. నా దగ్గరున్న జీవితచరిత్రలో 1887 అని ఉంది. ఆ పుస్తకం రాసింది ఏళ్ల తరబడి ఆయన దగ్గర పనిచేసిన శిష్యుడు, పైగా ఆయన బతికుండగానే అచ్చయింది. వ్యాసంలో తొమ్మిది తీసి ఏడు పెట్టాను. పుస్తకం పేరు, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం, పేజీ సంఖ్య అన్నీ ఇచ్చాను. తెల్లారేసరికి నా దిద్దుబాటు రద్దయిపోయింది. "పత్రిక లింకు ఉండగా ఎవరూ చూడలేని పుస్తకం ఎందుకు?" అని కారణం రాశారు.

మళ్లీ పెట్టాను, మళ్లీ తీసేశారు. ఇంగ్లీషు వికీపీడియాలో అయితే ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి రద్దులు చేస్తే నిరోధించేస్తారు. అంతదాకా లాగడం నాకిష్టం లేక చర్చాపేజీకి వెళ్లాను. మూలం ఆన్‌లైన్‌లోనే ఉండాలని ఎక్కడా లేదు, దొరకడం కష్టమైనంత మాత్రాన నమ్మదగిన మూలాన్ని తోసిపుచ్చకూడదని విధానంలోనే ఉంది. అదే రాశాను. నా దిద్దుబాటు రద్దు చేసినాయన ఒప్పుకోలేదు. "పత్రిక అబద్ధం రాస్తుందా?" అన్నారు. పత్రికలన్నీ ఒకటి కావు కదా. 2017లో ఇంగ్లీషు వికీపీడియా సంపాదకులు చర్చించుకుని, డైలీ మెయిల్ అనే బ్రిటన్ పత్రికను సాధారణంగా నమ్మదగని మూలంగా తేల్చారు.

ఆ రాత్రి నిద్రపట్టక వ్యాసం చరిత్ర తెరిచి, ఒక్కో మార్పూ చూసుకుంటూ వెనక్కి వెళ్లాను. దొరికింది. మొదట్లో వ్యాసంలోనూ 1887 అనే ఉంది. ఒకరోజు మధ్యాహ్నం ఎవరో అజ్ఞాత వాడుకరి వచ్చి ఏడు తీసి తొమ్మిది పెట్టారు. మూలం లేదు, కారణం రాయలేదు. అంకె తీసి అంకె పెట్టారు కాబట్టి ఆ మార్పు పరిమాణం సున్నా బైట్లు అని చూపిస్తోంది. అందుకే ఎవరి కంటా పడలేదు. ఆ పత్రిక కథనం వచ్చింది దాని తర్వాత ఏడు నెలలకు! అందులో రెండో పేరా మొత్తం మన వ్యాసంలోదే. ఆ శాస్త్రవేత్త చదివిన కాలేజీ పేరులో మన దగ్గర పడిన అచ్చుతప్పు కూడా అక్కడ అలాగే ఉంది. ఆ తర్వాత ఎవరో ఆ సంవత్సరం పక్కన "ఆధారం చూపాలి" అని మూస (వ్యాసంలో కనిపించే హెచ్చరిక గుర్తు) పెడితే, ఇంకెవరో గూగుల్‌లో వెతికి ఇదే కథనాన్ని తెచ్చి అతికించారు. అంటే మన తప్పుకు మనమే సాక్షి సంతకం పెట్టించుకున్నాం.

ఇది నా ఒక్కడికే ఎదురైంది కాదు. 2008లో అమెరికాలో ఒక విద్యార్థి కోవాటి అనే జంతువు వ్యాసంలో దాన్ని "బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్" అని కూడా అంటారని సరదాకి రాశాడు. కోవాటి రకూన్ల కుటుంబానికి చెందింది, ఆర్డ్‌వార్క్ అనే ఆఫ్రికా జంతువుతో దానికి ఏ సంబంధమూ లేదు. అయినా ఆ పేరు పత్రికల్లోకి పాకింది, తర్వాత ఆ పత్రికలే దానికి ఆధారాలయ్యాయి. అసలు సంగతి 2014లో గానీ బయటికి రాలేదు.

ఇంకో విషయంలోనూ నాకు చాలా కోపం. కొందరు ఐదు నిమిషాల్లో పది వ్యాసాలకు మూసలు అతికించి వెళ్లిపోతారు. ఒక్క పుస్తకం తెరవరు, ఒక్క వాక్యం సరిచేయరు. కొత్తగా వచ్చినవాళ్లు వారం పాటు కూర్చుని రాసుకున్న వ్యాసం నెత్తిన ఆ మూస చూసి, మళ్లీ ఇటువైపు రారు. నేను తోడుండి నేర్పించిన ఇద్దరు ఇలాగే వెళ్లిపోయారు. నియమాలు అక్కర్లేదని నేననను. కానీ తిరస్కరించే ముందు పది నిమిషాలు వెతకాలి. కెనడా శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్ మీద రాసిన వ్యాసాన్ని తగిన స్వతంత్ర మూలాలు చూపలేదని 2018 మే నెలలో వెనక్కి పంపారు. అదే ఏడాది అక్టోబరులో ఆమెకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక నా గొడవ సంగతి. అజ్ఞాత మార్పు తేదీ, పత్రిక తేదీ, లింకు అతికించిన తేదీ, మూడూ వరుసగా చర్చాపేజీలో పెట్టి, పక్కనే ఆ రెండు పేరాలూ ఉంచాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు, నాతో వాదించినాయనే 1887 పెట్టి, నా పుస్తకాన్ని మూలంగా చేర్చి, పత్రిక లింకు తీసేశారు. తర్వాత నా చర్చాపేజీకి వచ్చి, "ఆ అజ్ఞాత వాడుకరి ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి జరిగిన మిగతా మార్పులు కూడా చూద్దామా అండీ?" అని అడిగారు. మొత్తం పదకొండు వ్యాసాలు తేలాయి. నాలుగింట్లో అంకెలు మారిపోయి ఉన్నాయి. మూడింటికి పాత పుస్తకాలు దొరికాయి, సరిచేశాం. నాలుగోదానికి ఆయన ఒక లైబ్రరీలో, నేను ఒక లైబ్రరీలో ఇంకా వెతుకుతున్నాం.