జన్యువులు అవే అయినా క్లోన్ చూడి ఎందుకు నిలవదు?

ప్రశ్న: మంచి ముర్రా దున్న చెవి కణంతో క్లోన్ పిండం చేస్తే జన్యువులన్నీ దానివే కదా! ఏడో రోజుకు పిండం బాగానే కనిపిస్తుంది. మరి చూడి ఎందుకు నిలవదు? మందుతో సరిచేయవచ్చా?
– వెటర్నరీ విద్యార్థి, తిరుపతి

జవాబు: జన్యువులు అవే, వాటిలో ఏవి పనిచేయాలో నిర్ణయించే గుర్తులు మాత్రం చర్మానివి. డీఎన్ఏకు అంటిన మిథైల్ గుంపులు అనే రసాయన గుర్తులు, హిస్టోన్ల (డీఎన్ఏ చుట్టుకునే ప్రోటీన్ల) మీది గుర్తులు కలిసి పిండానికి కావలసిన ఓసీటీ4 వంటి జన్యువులను మూసి ఉంచుతాయి. క్లోనింగ్‌లో ఈ కణాన్ని కేంద్రకం తీసేసిన అండంలో కలుపుతారు; ఆ అండమే ఈ గుర్తులను చెరిపేయాలి. గడువు చాలా తక్కువ. ఆవు పిండంలో 8–16 కణాల దశకే సొంత జన్యువులు ముమ్మరంగా పని మొదలుపెడతాయి. అప్పటికీ తెరుచుకోని భాగాలుంటే, ముఖ్యంగా హిస్టోన్ మీద ఉండి జన్యువులను మూసే హెచ్3కే9 ట్రైమిథైల్ గుర్తు మిగిలిన చోట్ల, చాలా పిండాలు అక్కడే ఆగిపోతాయి.

ఏడో రోజు దాటినవాటికీ గండం తప్పినట్టు కాదు. మైక్రోస్కోపులో ఆకారమే తెలుస్తుంది. ఐజీఎఫ్2, హెచ్19 వంటి జన్యువుల మీద తల్లి ముద్ర, తండ్రి ముద్ర (ఎవరి నుంచి వచ్చిన ప్రతి పనిచేయాలో చెప్పే గుర్తులు) చెదిరితే ఆ దెబ్బ ఎక్కువగా మాయ మీద పడుతుంది. గర్భసంచికి మాయ అతుక్కునే గుత్తులు తక్కువగా ఏర్పడి, ఉన్నవి ఉబ్బుతాయి. ఉమ్మనీటి సంచుల్లో నీరు పెరుగుతుంది. దూడ మితిమీరిన బరువుతో పుట్టవచ్చు. అందుకే చూడి కట్టిందని తేలాక కూడా స్కానింగ్ మానకూడదు.

మందు విషయానికొస్తే, అండాన్ని ఉత్తేజపరిచాక ట్రైకోస్టాటిన్-ఏ వాడతారు. ఎక్కువగా వాడే మోతాదు 50 నానోమోలార్, సుమారు 10–20 గంటలు. ఇది హిస్టోన్ల ఎసిటైల్ గుంపులు ఊడిపోకుండా ఆపి డీఎన్ఏ చుట్టను వదులు చేస్తుంది. మోతాదు మించితే పిండానికే విషం. మందును డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగిస్తారు కాబట్టి పోలికకు అంతే డీఎంఎస్ఓ వేసిన పిండాలనూ పెంచాలి. ఫలితాన్ని పిండాల శాతంతో తేల్చేయకండి. అదే వయసు, అదే దశలో ఉన్న ఐవీఎఫ్ పిండాలతో (ల్యాబ్‌లో అండం, వీర్యకణం కలిపి చేసినవాటితో) జన్యువుల పనితీరును ఆర్టీ-పీసీఆర్‌లో (ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో ఆర్ఎన్ఏను బట్టి కొలిచే పరీక్షలో) పోల్చండి. లోపలి కణాల ముద్దకూ మాయగా మారే పొరకూ ఉన్న నిష్పత్తి మారినా అంకెలు మారతాయి, కాబట్టి కొన్ని పిండాల్లో రెండింటినీ విడిగా లెక్కించాలి.

ప్రశ్న: క్లోన్ పశువుకు పుట్టే దూడల్లోనూ ఈ లోపాలు వస్తాయా?

జవాబు: సాధారణంగా రావు. వీర్యకణాలు, అండాలు తయారయ్యేటప్పుడు ఈ గుర్తులు చాలావరకు చెరిగి కొత్తగా పడతాయి. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో 2010లో పుట్టిన క్లోన్ గేదె గరిమ-2, 2013 జనవరిలో మహిమ అనే పెయ్యను మామూలుగానే ఈనింది.