కూరమళ్ళలో ఉప్పు చల్లకు తల్లీ

చి. సౌ. సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

పటమటలో కొత్తింటి పెరట్లో బచ్చలి, గోంగూర, వంగ వేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! కాలువ దగ్గరి స్థలం అనగానే మాత్రం నత్తల బెంగ పట్టుకుంది. నాలుగు వానలు పడ్డాయంటే లేత వంగనారు రాత్రికి రాత్రే మాయమవుతుంది. పొద్దున చూస్తే మట్టి మీద మెరిసే జిగురు చారలే మిగులుతాయి.

నీళ్ళు పొద్దున్నే పెట్టు, సాయంత్రం వద్దు. మళ్ళ పక్కన కలుపు, ఇటుకలు, పగిలిన కుండీలు ఉంచకు.

ఉప్పు సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఎవరిని అడిగినా ముందు నత్తల మీద ఉప్పు చల్లమనే సలహాయే ఇస్తారు. ఉప్పు పడితే ఒంట్లో నీరంతా పోయి నత్త చస్తుంది, నిజమే. మరి ఆ ఉప్పు ఎక్కడికి పోతుంది? నల్లరేగడిలో నీరు తొందరగా కిందికి దిగదు, ఉప్పు వేళ్ళ దగ్గరే ఉండిపోతుంది. రెండు మూడుసార్లు చల్లేసరికి చిక్కుడు ఆకుల అంచులు మాడతాయి. అది తెగులనుకుని మందు కొడతారు. ఆనక మట్టి తడిస్తే బంక, ఎండితే రాయి. మొలక పైకి రాదు. అలా చెడిన మడికి జిప్సం కలిపి, నీళ్ళు నిలగట్టి బయటికి తీయాలి, ఆ కారు పంట పోయినట్టే. ఇప్పటికే చల్లి ఉంటే, ఇవాళే పైమట్టి చెక్కి బయట పోయించు.

ఉప్పు బకెట్లో ఉండాలి. ఐదు లీటర్ల నీళ్ళలో కిలో ఉప్పు కరిగించి, మళ్ళకు దూరంగా పెట్టు. పొద్దుగూకేవేళ గోనెసంచి తడిపి, కింద బొప్పాయి ఆకులు గానీ క్యాబేజీ తుక్కు గానీ వేసి మడి గట్టున పరుచు. తెల్లారి ఎండెక్కకముందే సంచి తిప్పిచూడు, అడుగున గుల్ల ఉన్న నత్తలూ, లేనివీ అంటుకుని ఉంటాయి. ఏరి బకెట్లో వేయి. వానాకాలమంతా ఇది మానకూడదు.

ఉత్త చేత్తో ముట్టుకోవద్దమ్మా, గ్లౌజు వేసుకో. వాటిలో ఉండే ఒక రకం పురుగు మనిషి ఒంట్లోకి పోతే మెదడు పొరలకు వాపు వస్తుంది. ఆకుకూరలు ఆకు ఆకూ విప్పి కడుగు, పచ్చివి తినకు.

కొట్లో నత్తల్ని చంపే మెటాల్డిహైడ్ గుళికలు ఇస్తారు. బాగానే పనిచేస్తాయి, కానీ నాకు అవంటే హడల్. నత్తలు తినాలని ఎరతో చేస్తారు, కుక్కలకూ ఆ రుచి నచ్చుతుంది. తింటే వణుకు, ఫిట్స్, ప్రాణం మీదికొస్తుంది. మీ బుజ్జిగాడు ఇంకా ప్రతిదీ నోట్లో పెట్టుకునే వయసు. వాడు పెరట్లో తిరిగినన్నాళ్ళూ ఆ డబ్బా గడప దాటి రాకూడదు. తప్పనిసరైతే ఫెర్రిక్ ఫాస్ఫేట్ గుళికలు అడుగు. దాని ప్రమాదం తక్కువే, అయినా వాడికి అందనివ్వకు.

మడి చుట్టూ సున్నం గీత పొడిగా ఉన్నంతసేపే ఆపుతుంది, చినుకు పడితే లేనట్టే.

మట్టి గుల్ల చేసేటప్పుడు సగ్గుబియ్యంలాంటి గుడ్లు గుంపుగా కనిపిస్తే అక్కడే చిదిమెయ్. పెద్ద ఆఫ్రికా నత్త ఒక్కో విడతకు వందకు పైగా పెడుతుంది. నర్సరీ కుండీల మట్టిలోనూ ఇవి వస్తాయి. కొత్త మొక్క తెస్తే కుండీ అడుగు రంధ్రాలు, అంచుల కింద చూసి, పది రోజులు విడిగా ఉంచాకే పెరట్లో నాటు.

మీ పెద్దమ్మ