మేనల్లుడికి: బాక్సింగ్ ప్రసారం మొదలుపెట్టే ముందు

విజయనగరం

చిరంజీవికి మావయ్య ఆశీస్సులు.

మీ యాప్‌లో బాక్సింగ్ చూపిస్తామని ఫోన్‌లో చెప్పావు. ఆ రోజు సగమే మాట్లాడగలిగాను, మిగతాది రాస్తున్నాను.

ఈ ఊళ్లో పాతికేళ్లు కేబుల్ నడిపాను కదా. క్రికెట్ ప్రపంచకప్ వస్తోందంటే కొత్త కనెక్షన్లకి జనం ఎగబడేవారు. కప్పు అయిపోయిన నెలలోనే చాలామంది తీసేయమనేవారు. బాక్సింగ్‌కి ఈ గండం ఇంకా ఎక్కువ. క్రికెట్‌లో బోర్డు షెడ్యూలు వేస్తుంది. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో పోటీలు ఏర్పాటు చేసే ఒక్కో ప్రమోటర్ దగ్గర కొందరు బాక్సర్లుంటారు, ఆ ప్రమోటర్ల మధ్య బేరం కుదిరితేనే పోటీ. కుదిరినా నమ్మకం లేదు. నెట్‌ఫ్లిక్స్‌లో టైసన్, జేక్ పాల్ బాక్సింగ్ పోటీ 2024 జులై 20న జరగాల్సింది, టైసన్ ఒంట్లో బాగోక నవంబర్ 15కి పోయింది. నెట్‌ఫ్లిక్స్‌కి సినిమాలు, సీరియళ్లు ఉన్నాయి కాబట్టి ఆ నాలుగు నెలలూ గడిచాయి. మీకేం ఉన్నాయి?

ఆటలు ప్రసారం చేసే డాజోన్ యాప్ సంగతి శ్రద్ధగా చదువు. 2018లో అమెరికాలో నెలకి 9.99 డాలర్లకే దిగింది. మెక్సికో బాక్సర్ కానెలో అల్వారెజ్‌తో 11 పోటీలకి 36.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. మరుసటి ఏడాదే నెలచందా 19.99 అయింది. 2020లో కానెలో కోర్టుకెక్కి విడిపోయాడు. 2022లో అతని పోటీని మళ్లీ డాజోన్‌లోనే చూపించినప్పుడు, నెలచందా కట్టేవాళ్ల దగ్గర కూడా విడిగా డబ్బు తీసుకోవలసి వచ్చింది. ఒంటి నిట్టాడి గుడిసె ఎన్నాళ్లు నిలుస్తుంది, బాబూ?

అందుకని పెద్ద పేరు కోసం అప్పు చెయ్యకు. ప్రతి వారం ఏదో ఒకటి ఉండేలా చూడు. మన కుర్రాళ్ల, ఆడపిల్లల శిక్షణ, చిన్న పోటీలు, వాళ్ల ఇళ్ల కథలు చూపించు. ఆమదాలవలస మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ పతకం తెస్తే మనవాళ్లు ఎంత మురిసిపోయారో నాకు తెలుసు. మన పిల్ల అనుకుంటే ప్రతి నెలా చూస్తారు. రీటెలికాస్ట్, హైలైట్స్ హక్కులు మాత్రం కాగితం మీద రాయించుకో.

ఇక సర్వర్. ఒకసారి ఫైనల్ మధ్యలో మా లైన్ పోయింది. ఆ నెల డబ్బులు తీసుకోలేదు, అయినా కొందరు తిరిగి రాలేదు. టైసన్ పోటీకి నెట్‌ఫ్లిక్స్‌లోనే బొమ్మ ఆగి ఆగి వచ్చిందని జనం మండిపడ్డారు. ఒక్కసారిగా అంతమంది చూస్తే సర్వర్ తట్టుకుంటుందో లేదో చూసే లోడ్ టెస్ట్ అయ్యేదాకా తేదీ ప్రకటించకు.

సిరిమాను పండక్కి వస్తావుగా, మీ ప్రసారం ఒప్పందం కాగితాలు పట్టుకురా. సంతకం పెట్టే ముందు ఇద్దరం కూర్చుని చదువుదాం.

మీ మావయ్య